నాలుగు వరుసలు

పీలమేడు కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన ప్రొఫెసర్‌ని నేనింకా క్షమించలేదు. బోర్డు మీద మేం లెక్క చేస్తుంటే మధ్యలోనే డస్టరుతో తుడిచేసి, "పోదుం, ఉక్కారు" అనేవాడు. తమిళంలో చాలు, కూర్చో అని. ఆయనదీ మాలాగే తెలుగిల్లే. అయినా క్లాసులో ఒక్క తెలుగు మాట ఆయన నోట వినలేదు.

పుస్తకంలో పేజీ నిండా ఉన్న ఒక నిరూపణని ఒకరోజు నాలుగే వరుసల్లో రాశాను. అదీ తుడిచేశాడు. మా నాయన నూలు మిల్లులో కూలీ అని తెలిసి, "మిల్లు పిల్లకి ఇదెందుకు?" అని తమిళంలో అన్నాడు. క్లాసంతా నవ్వింది.

మరుసటేడు ఆయన రాసిన పుస్తకం వచ్చింది. నా నాలుగు వరుసలూ అందులో ఉన్నాయి. పుస్తకం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"ఇది నాది సార్."

అప్పుడు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు, మెల్లగా. "నీ పేరేస్తే ఎవురు సదువుతారమ్మా?"

ఆ పుస్తకం పేరు చెప్పుకునే ప్రిన్సిపాలయ్యాడు, ఆనక వైస్ ఛాన్సలరయ్యాడు. ఆయన రిటైరైనప్పుడు సన్మాన సంచిక కోసం పాత విద్యార్థులని తలా ఒక మాట రాయమన్నారు. "మంచి నిరూపణని ఆయన ఒక్క చూపులో గుర్తుపట్టేవారు" అని రాసి పంపాను.

పొగడ్తే అనుకుని మొదటి పేజీలో వేశారు.