బ్యాడ్జీ పెట్టుకుని విన్న పాట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను చేసిన పనులు నలుగురిలో చెప్పుకునేవే ఎక్కువ. రైలు పట్టాల మీద కూర్చున్నాను, ఓ లాఠీ దెబ్బ తిన్నాను, నెలకు పైగా సమ్మెలో ఉన్నాను. ఇదొక్కటి మాత్రం ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

నల్గొండ నుంచి ఉద్యోగానికి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గది కిరాయికి తీసుకున్న కొత్తలో ఒక క్యాసెట్ కొన్నాను. నలుగురు కుర్రాళ్లు, రెండు గిటార్లు, ఒక కీబోర్డు, డ్రమ్స్. సినిమాతో సంబంధం లేకుండా తెలుగులో సొంతంగా పాటలు కట్టుకుని పాడటం నాకప్పుడు వింత. రెండు క్యాసెట్లు తెచ్చి వాళ్లు ఎటు పోయారో పోయారు. నేను పోలేదు. టేపు ఆపి ఆపి వింటూ పాటలన్నీ ఆఫీసు రఫ్ ప్యాడ్ మీద రాసుకున్నాను. రెండో క్యాసెట్‌లో చివరి పాట, పట్నానికి కొత్తగా వచ్చినవాడు గది తాళంచెవి పారేసుకుని ఇంటి ఓనరు కోసం మెట్ల మీద కూర్చుంటాడు చూడండి, అది అచ్చంగా నా గురించే రాశారని నా నమ్మకం. పెళ్లయిన కొత్తలో నా భార్యకు పాడి వినిపిస్తే, తాళంచెవి పోతే పక్కింటోళ్లను అడగాలె గానీ పాటలు పాడుకుంట కూసుంటరా అంది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ నలుగురూ మళ్లీ కలిసి కొత్తపేటలో ఒక ఫంక్షన్ హాల్లో పాడుతున్నారన్న కబురు మా కింది పోర్షన్‌లో కిరాయికుండే గుంటూరు ఆయన తెచ్చారు. పాసు కూడా ఆయనదే. "ఈ గొడవల్లో మేము బయటికెందుకులెండి. మీరైతే ఎవరూ ఏమీ అనరు," అంటూ నా చేతిలో పెట్టారు.

చిక్కేమిటంటే, అదే రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో మా ఉద్యోగుల వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపాలి. మా ఆఫీసు సంఘం కార్యదర్శి నాకన్నా పదేళ్లు చిన్నవాడు, మనిషి బంగారం, కానీ హాజరు విషయంలో హెడ్‌మాస్టరు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో నోటుబుక్కులో రాసుకునేవాడు. పైగా ఆ పాడే నలుగురూ కృష్ణా ఒడ్డు ఆంధ్రా వాళ్లు. సమ్మెలో ఉన్నవాడు వాళ్ల పాట వినడానికి పోవడమంటే ఆఫీసులో ఇక తలెత్తుకోవడం ఉండదు.

తెలంగాణ రావాలని నాకు మనసారా ఉండేది. మా మాటలను వెక్కిరించడం సర్వీసంతా భరించాను. ఆ కోపమూ ఈ క్యాసెట్టూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయంటే జవాబు లేదు. ఇమిడాయి, అంతే.

పాట వినడానికి పోతున్నానని నా భార్యకు మాత్రం చెప్పి, పొద్దున్నే పోయి హాజరు వేయించుకున్నాను. వంకాయలు తరిగాను. పెద్ద డేగిశాలో పప్పు ఉడుకుతుండగా కడుపు బాగాలేదని కార్యదర్శికి చెప్పాను. జర పండుకో అన్నా అని ఆయనే సాగనంపాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పండ్ల మార్కెట్ ముందు లారీల్లో బత్తాయిలు మురిగిపోయి పుల్లటి వాసన కొడుతోంది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, పరీక్షకు ఆలస్యమైన కాలేజీ పిల్లాడిలా నడిచాను. ఎవరైనా ఎదురొస్తే ఏం చెప్పాలో మాత్రం దారి పొడుగునా కూర్చుకుంటూనే ఉన్నాను.

హాలు సగం కూడా నిండలేదు. వచ్చినవాళ్లంతా నా ఈడువాళ్లే, మోకాళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లే. రెండో వరుసలో కూర్చున్నాను. క్యాసెట్ అట్ట మీద జీపు ఎక్కి నవ్విన గాయకుడికి జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. గొంతు తెరిచాడో లేదో, నాకు కళ్లనిండా నీళ్లు. సిగ్గుపడలేదు. పక్కాయన కూడా తుడుచుకుంటున్నాడు.

నాలుగో పాటగా తాళంచెవి పాట ఎత్తుకున్నారు. పల్లవి కాగానే గాయకుడు మైకు మా వైపు తిప్పాడు. ఒక్కరికీ రాదు. నాకొచ్చు. మొదటి చరణం గడగడా పాడేశాను. ఆయన నవ్వుతూ స్టేజి దిగొచ్చి, నా భుజం మీద చెయ్యేశాడు. రెండో చరణం ఇద్దరం కలిసి అందుకున్నాం. అంతకు మించిన సంతోషం నా ఉద్యోగ జీవితంలో లేదు, ప్రమోషన్‌తో సహా.

ఆ చరణం మధ్యలో జై తెలంగాణ అంటూ నినాదాలు తలుపు దగ్గర వినిపించాయి. ముప్పై మంది దాకా లోపలికి వచ్చారు. ముందు మా కార్యదర్శి. వంటావార్పు అయిపోయి, ఇక్కడ ప్రోగ్రాం జరుగుతోందని తెలిసి ఆపించడానికి నేరుగా వచ్చినట్టున్నారు. వాద్యాలు ఆగిపోయాయి. గాయకుడి చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది.

కార్యదర్శి నన్ను చూశాడు. తర్వాత నా చొక్కా చూశాడు. జై తెలంగాణ అని రాసి ఉన్న సంఘం బ్యాడ్జీ అక్కడే ఉంది. కడుపునొప్పి గుర్తుపెట్టుకున్నవాణ్ణి బ్యాడ్జీ తీయడం మరిచిపోయాను.

"అన్నా, కడుపునొప్పని చెప్పి మాకన్న ముందే ఒచ్చి కూసున్నవా? ఒక్క మాట చెప్పొద్దా?"

ఆ గొంతులో అనుమానం లేదు. నేనూ అందుకే వచ్చాననుకున్న మెచ్చుకోలు ఉంది. అనుమానించి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణేమో. ఇప్పుడు వెనక్కి దారి లేదు, ముందుకు ఒక్కటే దారి, అదీ ఆయనే తెరిచి పట్టుకున్నాడు.

"ఆ. మీరు ఒస్తరని చూస్తున్న," అన్నాను.

గాయకుడి చెయ్యి నా భుజం మీంచి లేచింది.

"ఓ దిక్కు మన పిల్లలు పానాలు తీసుకుంటున్నరు. గిప్పుడు పాటలేంది?" అన్నాడు కార్యదర్శి. అది తప్పని నేను అనలేను, ఈరోజుకీ అనలేను. నువ్వే స్టేజెక్కి చెప్పు, పెద్దోనివి, లొల్లి కాకుండా అయిపోతుంది అని నన్ను ముందుకు తోశాడు. అయిదు మెట్లు. అయిదింటిలో ఏ మెట్టు మీదైనా ఆగి ఉండొచ్చు. గాయకుడు నా వెంటే ఎక్కి, మైకు నా చేతికిచ్చాడు. ప్రోగ్రాం బంద్, దయచేసి అందరూ ఇండ్లకు పోండి అని నా నోటితో నేనే చెప్పాను. కింద మావాళ్లు చప్పట్లు కొట్టారు. నిజానికి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. డ్రమ్స్ మూట కట్టడానికి మావాళ్లే ఇద్దరు సాయం పట్టారు.

నేను మైకు తిరిగిచ్చేటప్పటికి గాయకుడు వైరు చుట్టుకుంటున్నాడు.

"మిగతాది మీకొచ్చు కదండీ. ఇంటికెళ్లి పాడుకోండి."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. మామూలుగా అన్నాడు.

అక్కణ్ణుంచి ఎల్బీనగర్ దాకా ఊరేగింపు. నన్ను ముందు వరుసలో పెట్టారు. నినాదం నేనివ్వాలి, వాళ్లు అందుకోవాలి. నినాదం ఆపితే ఆ గాయకుడి మాట వినబడుతోంది. అందుకని ఆపలేదు. పండ్ల మార్కెట్ దాటేసరికి గొంతు బొంగురుపోయింది, చౌరస్తా చేరేసరికి పూర్తిగా పోయింది.

ఇంటికి వచ్చేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది. ఏదో చెప్పబోతే గాలి తప్ప మాట రాలేదు. పకపకా నవ్వింది.

"గంతగనం పాడినవా?"

ఉప్పు వేసిన వేణ్ణీళ్లు తెచ్చి చేతికిచ్చింది. పక్కనే కూర్చుంది.

"తాళంచెవి పాట పాడిన్రా?"

తలూపాను.

"మొత్తం?"

నీళ్లు పుక్కిట పట్టి, మళ్లీ తలూపాను.