ఈస్టరు కోసం తెచ్చిన పురుగు

మా వదిన ఎస్తేరుకు పురుగుల పిచ్చి. ఆళ్లగడ్డలో బడి పంతులమ్మ, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఇంట్లో డబ్బా మూత తీయాలంటేనే నాకు భయం, ఏ గొంగళిపురుగు తల ఎత్తుతుందోనని!

ఆమె పద్ధతి ఒకటే. నిమ్మాకు మీద సీతాకోకచిలుక పెట్టిన గుడ్డునే తెస్తుంది, పెద్ద పురుగును తేదు. "పెద్దదాని కడుపులో కందిరీగ అప్పటికే గుడ్లు పెట్టింటాది. మనం మేపేది దాని పిల్లల్నే" అంటుంది. ఈస్టరు ప్రార్థన అయి ఎండ వచ్చాక, సమాధుల తోటలో పిల్లల చేత సీతాకోకలను వదిలిస్తుంది. "సచ్చినట్టు పడుకునింది, రెక్కల్తో లేసింది సూడండి" అని చెబుతుంది.

ఆ పిల్లల్లో సిరి ఒకతి, ఒకటో తరగతి పిల్ల. ఈసారి పండుగకు ముందు వాళ్లమ్మ నంద్యాల ఆసుపత్రిలో పోయింది. చర్చిలో ఈ సీతాకోక పాఠం విన్నప్పటి నుంచి సిరి మా వదిన కొంగు వదల్లేదు.

"నాకూ ఒకటి కావాల టీచరమ్మా. అమ్మ కాడ వదుల్తా."

పురుగులు కట్టుకున్న గూళ్లన్నీ వదిన అప్పటికే పిల్లలకు పంచేసింది. ఇప్పుడు గుడ్డు తెస్తే పండుగకు అందదు. మనసాగక, లావుపాటి పచ్చ పురుగునే తెచ్చింది.

"ఏంది వదినా, నువ్వే వద్దంటివే?"

"ఊరకుండు మే" అంది.

పురుగు గూడు కట్టింది. సిరి రోజూ వచ్చి దానితో కబుర్లు చెప్పేది. ఈస్టరు ముందురోజు గూటికి చిల్లు పడి, చీమలంతేసి కందిరీగలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. నాకు ఒళ్లు మండింది. దేవుడైనా ఆ ఒక్క గూటిని చూసుకోవద్దా!

"ఎగిరిపాయనని చెప్పెయ్" అన్నాను. వదిన వినలేదు. ఖాళీ గూడు సిరి చేతిలో పెట్టింది.

"తప్పు నాదే పాపా. ఇది లేయదు."

సిరి దాన్ని తిప్పి తిప్పి చూసింది. "అయితే అమ్మ గూడా లేయదా?"

వదిన పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

"అమ్మ మాట ఏరే. అది పురుగును జూసి చెప్పేది కాదు, నేనే తప్పు చెప్పినా. లేస్తాదని నమ్ముతాండా. ఎప్పుడనేది నాకు తెలీదు."

మర్నాడు సమాధుల తోటలో అందరి సీతాకోకలూ ఎగిరాయి. సిరి మాత్రం ఖాళీ గూడు ఒళ్లో పెట్టుకుని, వాళ్లమ్మ సమాధి పక్కన కూర్చుని వేళ్లతో గుంత తీస్తోంది.

"ఏం చేస్తాండావ్ పాపా?" అంది వదిన.

"ఇది లేయదు గదా టీచరమ్మా. ఒక్కటే యాడుంటాది? అమ్మ కాడ పెడ్తాండా. అమ్మ జూసుకుంటాది."