తివాచీకి వల ముడులు

ఇవాళ ద్వారకా నగర్‌లో ఒక షాపులో ఇరాన్ తివాచీ కనిపించింది. మన జాలరి పేటలో నాతో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మా ఇంట్లోని ఎర్ర పూల తివాచీ. పోర్టుకొచ్చిన ఇరాన్ నావికుడొకడు నాన్న చేపలు మెచ్చి ఇచ్చాడు. ఎండుచేపల మధ్య కూడా దాని ఉన్ని వాసన వేరుగా తెలిసేది.

ఒక మూల అల్లిక ఊడుతుంటే నాన్న వలలు బాగుచేసే సూది, నీలం నైలాను దారం పట్టుకుని కూర్చున్నాడు. ఎంత పెద్ద చేప పడినా ఊడని ముడి వేశాడు. అది బిగించినకొద్దీ పక్కన ఉన్ని తెగి పువ్వులు విడిపోయాయి.

"ఇంక ఒగ్గేయ్ మావా," అంది అమ్మ.

"ఒగ్గేత్తే మొత్తం ఊడిపోతాదే. నన్నేటి సెయ్యమంటావు?" అంటూనే ఇంకో ముడి వేశాడు.

ఆఖరికి ముడులే మిగిలాయి. ఇప్పుడు నాన్న కూడా లేడు.

షాపులో తివాచీ తిరగేసి తడుముతుంటే, "ఏటి ఎతుకుతన్నారు సార్?" అన్నాడు షాపతను.

నీలం దారం కోసమని ఎలా చెప్పను?