తందూరు కనకలక్ష్మి

కనకలక్ష్మితో పనిచేసినవాళ్ళను ఎవరినైనా అడగండి, ఆమె మంచిదని ఒక్కరూ అనరు. నోరు దురుసు అంటారు. ఏదీ మరిచిపోదు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కూడా కాదనదు.

ఆమెది గోపన్‌పల్లి. భర్త వేణు తెల్లాపూర్ వైపు అపార్టుమెంట్లకు నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. పిల్ల బడికి పోవడం మొదలుపెట్టాక కనకలక్ష్మి నల్లగండ్లలో ఒక పెద్ద రెస్టారెంటులో కూరగాయలు తరిగే పనికి కుదిరింది. ఐటీ వాళ్ళు కుటుంబాలతో వచ్చి తినే చోటు. శని, ఆదివారాల్లో బయట కుర్చీలు వేసుకుని మరీ ఎదురుచూస్తారు.

ఆ వంటగదిలో ఒక రివాజు ఉండేది. ఆడవాళ్ళు తరగాలి, కడగాలి. పొయ్యి దగ్గరికి మాత్రం మగవాళ్ళే వెళ్ళాలి. తరిగేవాళ్ళు పదేళ్ళు చేసినా తరిగేవాళ్ళుగానే మిగిలేవాళ్ళు. కానీ అదే తలుపులోంచి హెల్పరుగా వచ్చిన మగవాడు ఏడాది తిరిగేసరికి తెల్లకోటు వేసుకుని కామి అనిపించుకునేవాడు. కామి అంటే చెఫ్ కింద పనిచేసే వంటవాడు. ఆ పైన చెఫ్. అందరి పైన హెడ్ చెఫ్ గిరీష్.

గిరీష్ చేతి వంటకు వంకపెట్టడానికి లేదు. మనిషే విషం. ఆర్డరు చీటీ ఆలస్యమైతే ప్లేటు విసిరేవాడు. ఆడవాళ్ళను పేరుతో పిలిచేవాడు కాదు. ఒకరు ఉల్లిగడ్డ, ఒకరు కొత్తిమీర. కనకలక్ష్మి ఆయనకు కొత్తిమీర.

తందూరు దగ్గర మొగిలి అని జనగామ వైపు మనిషి ఉండేవాడు. యాభై దాటాయి. ఎవరి జోలికీ పోయేవాడు కాదు. చాయ్ తాగడానికి బయటికి పోయినప్పుడల్లా కనకలక్ష్మిని పిలిచి, "చెల్లె, జర చూస్తుండు" అనేవాడు. చూస్తూ చూస్తూ ఆమె పిండి ముద్ద చేతుల మధ్య తట్టడం నేర్చింది. గుడ్డతో కుట్టిన గుండ్రటి మెత్తను గద్ది అంటారు. రొట్టెను దాని మీద పరిచి, చెయ్యి మొత్తం ఆ మంటలోకి దించి, మట్టి గోడకు ఒక్క దెబ్బతో అంటించాలి. భయపడి చెయ్యి తొందరగా తీస్తే రొట్టె బొగ్గుల్లో పడుతుంది. మొదట్లో ఆమెవీ పడ్డాయి. ముంజేతి మీద వెంట్రుకలన్నీ కాలిపోయాయి. కొన్నాళ్ళకు పడటం మానేశాయి.

మొగిలి భార్యను దవాఖానలో చేర్చడానికి ఊరికి పోయినప్పుడు తందూరుకు మనిషి లేకపోయాడు. కనకలక్ష్మి చేతులు తుడుచుకుని వెళ్ళి అక్కడ నిలబడింది. గిరీష్ చూశాడు.

"ఏయ్ కొత్తిమీర! గీడ నీకేం పని?"

"రొట్టెలు చేస్త."

"గిది మగోళ్ళ పని. చెయ్యి కాలితే నా మీద పడి ఏడుస్తవ్."

"నా చెయ్యి కదా కాలేది. నీకెందుకు ఫికరు?"

వంటగదిలో ఎవరో నవ్వారు. గిరీష్ మొహం ఎర్రబడింది. కానీ బయట టేబుళ్ళు నిండి ఉన్నాయి. ఆ పూట ఆమె రొట్టెల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. యజమాని వెంకటనారాయణ, భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, లోపలికొచ్చి చూసి, "బాగుందమ్మా, మొగిలి వచ్చాక ఇద్దరూ చేసుకోండి ఇకమీదట" అనేసి వెళ్ళిపోయాడు. జీతం పెంచే మాట ఎత్తలేదు. తెల్లకోటూ ఇవ్వలేదు.

ఆ నవ్వును గిరీష్ మరిచిపోలేదు. మర్నాటి నుంచి మొదలైంది. ఆమె కలిపిన పిండిలో ఉప్పు పోయించాడు. ఆమె చీటీలు వెనక్కి తోయించాడు. ఒకరోజు మధ్యాహ్నం రద్దీ మొదలయ్యే వేళకు, అందరి ముందూ, మగ్గుతో నీళ్ళు తెచ్చి ఆమె రగిల్చిన బొగ్గుల మీద పోశాడు. బుస్సుమని పొగ లేచింది. "అరె, చెయ్యి జారింది" అన్నాడు.

మొగిలి అప్పటికి ఊరి నుంచి తిరిగొచ్చాడు. రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూసింది. అతను తల దించుకుని పిండి ముద్దలు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

కనకలక్ష్మి మళ్ళీ బొగ్గులు రగిల్చింది. రొట్టెలు తీసే ఇనుప కొక్కేన్ని కావాలనే నిప్పుల్లో వదిలేసింది. గిరీష్ మళ్ళీ మగ్గు పట్టుకుని వచ్చేసరికి దాన్ని బయటికి తీసింది. కొన ఎర్రగా ఉంది.

"నీళ్ళు పొయ్, చూద్దాం. ఈసారి నా చెయ్యి కూడ జారుతది."

గిరీష్ నవ్వాడు. నవ్వాడు గానీ పోయలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మాటలే లేవు. ఆ వంటగదిలో మిగతా మగవాళ్ళు కూడా ఆమెతో మాట్లాడటం మానేశారు. స్టాఫ్ భోజనం వేళ ఆమె కూర్చుంటే పక్కవాడు లేచేవాడు. ఎవరూ చూడనప్పుడు మాత్రం మొగిలి, "పట్టించుకోకు చెల్లె" అని గొణిగేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆమె పనికి వచ్చేసరికి వంటగది బోసిగా ఉంది. పొయ్యిలు వెలగలేదు. గోడకు గిరీష్ కత్తుల సంచీ లేదు. ముందురోజు చేసిపెట్టుకున్న ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ సింకులో పారబోసి ఉన్నాయి. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. హోటలు పనిలో ఇది కొత్తేమీ కాదు. హెడ్ చెఫ్ వేరే చోటికి పోతే తన మనుషులందర్నీ తనతో తీసుకుపోతాడు. తెల్లాపూర్‌లో కొత్తగా తెరిచిన రెస్టారెంటుకు గిరీష్ మొత్తం బలగంతో వెళ్ళిపోయాడు. మొగిలి కూడా పోయాడు. కనకలక్ష్మికి ఎవరూ చెప్పలేదు. ఆమెకు చెప్పాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

వెంకటనారాయణ పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె మీదే విరుచుకుపడ్డాడు.

"ఏంటమ్మా ఇది? వాళ్ళతో కలిసి పనిచేస్తూ నీకు తెలియకుండా ఉంటుందా? ముందే చెప్పొచ్చుగా!"

"నాకు చెప్పేటోళ్ళయితే, సార్, నేను గీడ ఎందుకుంట?"

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. బయట అప్పుడే రెండు పుట్టినరోజు పార్టీల వాళ్ళు బెలూన్లతో దిగుతున్నారు. కనకలక్ష్మి తరిగే ఆడవాళ్ళిద్దర్నీ పిలిచి పప్పు, అన్నం, ఒక కోడికూర పెట్టించింది. తను తందూరు ముందు నిలబడింది. ఇళ్ళల్లో వండుకునే వంట అది. మెనూలో అచ్చేసిన పేర్లకూ దానికీ సంబంధం లేదు. జనం గొడవ చేశారు. ఒకాయన ఫోనెత్తి వీడియో తీస్తూ, పనీర్ లేని రెస్టారెంటు ఎక్కడైనా ఉంటుందా అని అరిచాడు. వెంకటనారాయణ వంటగదిలోకి వచ్చి కనకలక్ష్మిని మోచెయ్యి పట్టుకుని ఆ టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈవిడేనండి వండింది" అన్నాడు, తనకేమీ తెలియనట్టు.

ఆమె పిండి చేతులతో నిలబడి తిట్లు తిన్నది. ఫోను కెమెరా ఆమె మొహం మీదే ఉంది.

అయినా ఆ వంటగదిని నిలబెట్టింది ఆమే. కొత్త మనుషులు దొరికేదాకా రోజూ ముందొచ్చి ఆఖర్న పోయింది. గ్రేవీలు చేయడం తప్పులతో నేర్చింది. మాడ్చింది, పారబోసింది, మళ్ళీ చేసింది. తిట్టే జనం తగ్గారు. వెంకటనారాయణ ఆమెకు తెల్లకోటు ఇచ్చాడు. "ఇకనుంచి కిచెన్ ఇన్‌ఛార్జివి నువ్వే" అన్నాడు. ఆ కోటు వేసుకుని ఆమె ఫొటో దిగింది. వేణు దాన్ని ట్యాంకరు అద్దానికి అంటించుకున్నాడు.

ఎండాకాలం పోయి వానలు పడే వేళకు తెల్లాపూర్ రెస్టారెంటు మూతపడింది. ఒక మధ్యాహ్నం గిరీష్ తన మనుషులతో, అవే సంచులతో తిరిగొచ్చాడు. వెంకటనారాయణ వాళ్ళను ఏసీ గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. తర్వాత కనకలక్ష్మిని పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, వ్యాపారం అన్నాక తప్పదు. కొన్నాళ్ళు మళ్ళీ కూరగాయల దగ్గర సర్దుకో. తర్వాత చూద్దాం."

"మరి తందూరు?"

"మొగిలి వచ్చాడుగా."

ఆమె మొగిలి వైపు తిరిగింది. అతను అప్పటికే గద్ది చేతిలోకి తీసుకున్నాడు. దాని దారాలు సరిచేస్తూ అన్నాడు: "ఏం జేస్తం చెల్లె. పెద్దోళ్ళు ఎట్ల జెప్తే గట్ల."

గిరీష్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "కొత్తిమీర సన్నగ తరుగు" అన్నాడు, మెల్లగా.

కనకలక్ష్మి కోటు విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. గిన్నెలు కడిగే చోటికి వెళ్ళి బకెట్ నింపుకుని వచ్చింది. తందూరు మంచి వేడి మీద ఉంది. అంత వేడి మట్టి మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఆమె అంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు. బకెట్ ఎత్తి లోపలికి కుమ్మరించింది. పెద్ద చప్పుడైంది. ఆవిరి పైకప్పుకు తగిలింది. తందూరు పైనుంచి కిందికి రెండుగా పగిలింది.

"పోలీసుల్ని పిలుస్తాను!" అని వెంకటనారాయణ కేక పెట్టాడు.

"పిలువు. నేను బయట గేటు కాడ కూసుంట."

చాలాసేపు కూర్చుంది. ఎవరూ రాలేదు. లేచి షేర్ ఆటో ఎక్కి ఇంటికి పోయింది.

కోపం తీరింది గానీ దాని ఖర్చు తర్వాత తెలిసింది. వంటవాళ్ళు ఉద్యోగానికి కాగితాలు చూడరు. ఫోన్లు చేసుకుంటారు. కొండాపూర్‌లో అడిగినా, మియాపూర్‌లో అడిగినా, ఆమె పేరు చెప్పగానే లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చి, ఖాళీ లేదమ్మా అనేవాళ్ళు. ఒక బార్‌లో అయితే మేనేజరు మొహం మీదే అడిగాడు, "తందూరు పగలగొట్టింది నువ్వేనా?" అని. ఆమె ఔనంది. అతను తలుపు చూపించాడు. ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళిళ్ళకు ఉల్లిగడ్డలు తరుగుతూ ఏడాదిపైనే గడిపింది. ఇంట్లో కూడా ఆ రోజుల్లో ఆమెతో మాట్లాడాలంటే వేణు భయపడేవాడు. "జర ఓపిక పడితే పోయేది కదా" అని ఒక్కసారి అన్నాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు.

చివరికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పని దొరికింది. అక్కడ మేనేజరు యశస్విని, విజయవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చిన అమ్మాయి. ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. "చేసి చూపించండి" అంది. కనకలక్ష్మి చేసి చూపించింది. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న ఉద్యోగులు ఆమె కౌంటరు ముందు వరస కట్టడం మొదలైంది. కొన్నేళ్ళకు రొట్టెల విభాగం మొత్తం ఆమె చేతికొచ్చింది. కిందివాళ్ళకు ఆమె అంటే హడలు. పిండి పలచనైతే గిన్నె ఎత్తి పారబోస్తుంది. ఆమె గిరీష్‌లాగే అరుస్తుందని వెనకాల అనుకుంటారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. ఆ పూట ఎవరి మీదా అరవలేదు. మర్నాడు మామూలే.

పోయిన ఏడాది క్యాంటీన్ పెరిగి ఇంకో తందూరు పెట్టారు. యశస్విని ఆమెను తన గదిలోకి పిలిచింది.

"కనకలక్ష్మి గారూ, ఇద్దరు వచ్చారండి. గిరీష్ అని ఒకాయన, పెద్ద చెఫ్‌గా చేశారట. ఇంకొకాయన మొగిలి, తందూరు మనిషి. నల్లగండ్లలో చేశామంటున్నారు. మీకు తెలుసా?"

"ఎరికే."

"ఎలాంటివాళ్ళండి?"

"గిరీష్ ఒద్దు మేడం. వాడొస్తే నేనుండ."

"సరే. మరి మొగిలి? పెద్దాయన. పాపం అనిపించింది."

కనకలక్ష్మి తలుపు వైపు నడిచింది. "నేను మాట్లాడి వస్త" అంది.

గిరీష్ అప్పటికే వెళ్ళిపోయాడు. ఇక్కడ రొట్టెల విభాగం ఎవరిదో సెక్యూరిటీ వాళ్ళను అడిగి తెలుసుకుని, ఉండటం దండగ అనుకున్నాడేమో. మొగిలి మాత్రం విజిటర్ల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"చెల్లె! మంచిగున్నవా? నువ్వే పెద్ద అంట గద ఈడ. నాకు మస్తు సంబురమైంది."

"ఎందుకొచ్చినవ్ అన్నా?"

"పని లేదు. నల్లగండ్లది గూడ అమ్మేసిండ్రు. నువ్వొక్క మాట చెప్తే..." అతను గొంతు సవరించుకున్నాడు. "నీకు గద్ది పట్టిచ్చింది నేనే గద చెల్లె."

"ఔ. వాడు చూడనప్పుడు పట్టిచ్చినవ్. వాడు నీళ్ళు పోస్తుంటే నువ్వేం జేసినవ్?"

"నేనేం జేత్తును? నా కొలువు..."

"నీ కొలువు నీకున్నది. మంచిదే. ఇప్పుడు నా కొలువు నాకున్నది."

మొగిలి చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఇంతకుముందు ఎప్పుడూ అలా సూటిగా చూడలేదు.

"వాని మీది కోపం నా మీద తీస్తున్నవ్" అన్నాడు.

"లే. వాని మీది వాని మీదనే ఉన్నది. గిది నీదే."

అతను సంచీ భుజానికి తగిలించుకుని మెట్రో వైపు పోయే ఆఫీసు బస్సుల మధ్య నుంచి నడిచిపోయాడు. నిజాంపేటలో ఏదో హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తున్నాడని తర్వాత తెలిసింది. గిరీష్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వేణుకు జరిగింది చెప్పింది. అతను అన్నం కలుపుతున్నవాడల్లా ఆగాడు.

"గిరీష్‌గాని సంగతి సరే. మొగిలన్న నిన్నేం జేసిండే?"

"ఏం జెయ్యలే."

"మరి?"

ఆమె కూర గిన్నె అతని వైపు జరిపింది. క్యాంటీన్‌లో ఆ కొత్త తందూరు దగ్గరికి జహీరాబాద్ నుంచి వచ్చిన మనిషిని పెట్టారు. చెయ్యి నిదానం, వారంలో రెండు రోజులు రొట్టెలు బొగ్గుల్లో పడేస్తాడు. కనకలక్ష్మి అతన్ని రోజూ తిడుతూనే ఉంది. మొగిలిని పిలిపించమంటారా అని యశస్విని ఒకసారి అడిగితే, అక్కర్లేదు, వీనికే నేర్పిస్త అంది.