తాళ్ళ వీధి నడిమధ్యన బొమ్మ

తాళ్ళ వీధిలో నిలబెట్టిన సిమెంటు బొమ్మకి వెనకడుగు మామ్మ తోడికోడలి ముక్కూ మొహం వచ్చాయని, ఆ కుళ్ళుతోనే మామ్మ దాని మీద కక్ష కట్టిందని ఊరంతా చెప్పుకుంటోంది. పచ్చి అబద్ధం. బొమ్మ చేసినవాడు పొరుగూరివాడు, ఆ తోడికోడల్ని కలలో కూడా చూసి ఉండడు. మామ్మ కోపం మొహం గురించి కాదు, దారి గురించి.

వెనకడుగు అన్న పేరు పని వల్ల వచ్చింది. తాడు పేనేవాళ్ళు నడుముకి నార చుట్టుకుని, కొసను రాట్నం కొక్కేనికి తగిలించి, రాట్నం తిరుగుతుంటే నార వదులుతూ వెనక్కి నడుస్తారు. చూపంతా వేళ్ళ మధ్య పుట్టే పురి మీదే. కాపురానికొచ్చిన ఏడాదే మామ్మకి ఆ నడక పట్టుబడింది. అప్పుడు అత్త రాట్నం తిప్పేది. అత్తా పోయింది, మొగుడూ పోయాడు. ఇప్పుడు కోడలు తిప్పుతోంది. నడిచేది మాత్రం ఈవిడే. ఎక్కడ గుంట ఉందో, ఎవరి గడప ముందుకొచ్చిందో ఆవిడ మడమలకి తెలుసు.

ఎంత దూరం నడిస్తే తాడు అంత పొడవు, అందుకే వీధి పొడవే ఆవిడ ఆస్తి. రేవులో పడవలవాళ్ళకి అతుకు లేని మోకు కావాలి. ముడి ఉంటే కప్పీలో ఇరుక్కుంటుంది, సరుకు గాల్లో వేలాడుతుంది.

అలాంటి వీధికి పురపాలక సంఘం ‘వారసత్వ వీధి’ అని పేరు పెట్టింది. తాడు పేనేవాళ్ళ గొప్పతనం కలకాలం నిలవాలట! అందుకని తాడు పేనే ఆడమనిషి బొమ్మ నిలబెట్టడానికి సరిగ్గా నడిమధ్యన దిమ్మ కట్టడం మొదలెట్టారు. మామ్మ కొంగు బిగించి చైర్మన్ మీదికి వెళ్ళింది.

“నీ గౌరవం కోసమే కదా మామ్మా!” అన్నాడాయన.

“గౌరవం ఉంటే దారొదలండి.”

“సగం వీధి ఉందిగా, సగం తాడు పేనుకో.”

“సగం చొక్కా తొడుక్కుని నువ్వు ఆఫీసుకి వెళ్తావా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు. బొమ్మ మాత్రం లేచింది.

బొమ్మ లేచిన మర్నాడు పొద్దున ఇంకా తిట్టుకుంటూనే పనికి దిగింది మామ్మ. దిమ్మ దగ్గర ఆగాలనే అనుకుంది. కానీ పురి చక్కగా పడుతుంటే ఆవిడకి లోకం తెలియదు. మడమలు పాత వీధినే నమ్ముకుని నడిచాయి. వీపు దిమ్మకి కొట్టుకుంది, మనిషి కూలబడింది.

“అత్తయ్యా!” అంటూ కోడలు పరిగెత్తుకొచ్చింది.

“నా సంగతి తర్వాత, ముందు రాట్నం పట్టుకోవే! పురి విడిపోతోంది!”

అప్పటికే విడిపోయింది. నార చిక్కుపడి కాళ్ళకి చుట్టుకుంది. ఇది విని పడవల పెద్ద వచ్చి, “ఏమనుకోకు మామ్మా. వచ్చే వారానికి మోకు రాకపోతే నైలాను తాడు తెచ్చుకుంటాం” అని మొహమాటంగానే చెప్పి వెళ్ళాడు. ఒకసారి నైలానుకి అలవాటుపడ్డవాళ్ళు మళ్ళీ ఈ వీధి మొహం చూడరని ఆవిడకి తెలియనిదా?

వారసత్వ సభ నాడు ఊరంతా హాల్లో ఉంది. మామ్మకి వేదిక మీద కుర్చీ వేశారు. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. తాళ్ళ వీధి ఘనత మీద చైర్మన్ ఊదరగొట్టి, జనాన్ని వెంటబెట్టుకుని వీధికొచ్చేసరికి బొమ్మ బోర్లా పడి ఉంది.

ఇక చూడాలి చోద్యం! ఎవరు పడగొట్టారని దర్జీ చాకలినడిగాడు, చాకలి పాలవాణ్ణడిగాడు. ఈ తోడికోడలి కథ అక్కడే పుట్టింది. మామ్మని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

చివరికి చైర్మనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మామ్మ నార దువ్వుతోంది, తల ఎత్తలేదు.

“మామ్మా, సూటిగా అడుగుతున్నాను. బొమ్మను పడగొట్టింది నువ్వేనా?”

“నేనే. మెడకి మోకు బిగించి లాగాను. కోడల్ని ఇందులోకి లాగావంటే ఊరుకోను, నేనొక్కదాన్నే. దిమ్మ ఇంకా అక్కడే ఉందయ్యా. నువ్వు తీయిస్తావా, అదీ నన్నే తీసెయ్యమంటావా?”