రూతు సిస్టరమ్మ కారుకు జ్వరం

2023 వేసవి. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద మా వర్క్‌షాపు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి చూసేవాళ్లు ఈ పక్క తక్కువ కాబట్టి అలాంటి బండ్లు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి.

ఒక ఉదయం రూతమ్మగారు వచ్చారు. ఆమెది పుంగనూరు. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. అందరికీ సిస్టరమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేరు గనక, అరవై దాటాక ఆటోమేటిక్ కారు కొనుక్కుని డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఆ కారు ఇప్పుడు హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కడం లేదు. సగం కొండకు చేరేసరికి లాగడం మానేసి ఎర్రలైటు వెలిగిస్తోంది.

"ఇంకో షాపులో సూపిస్తే గేర్‌బాక్స్ పోయింది, బండి అమ్మేయమంటాండారు. మా తమ్ముడేమో ఇంక నడిపింది చాల్లే అంటాండాడు. అందరికీ అది కారప్పా. నాకు కాలు" అన్నారు.

ఇంకో తొందర కూడా ఉంది. ఆమెతో నర్సింగ్ చదివిన ముగ్గురు స్నేహితురాళ్లు శనివారం కుప్పం నుంచి వస్తున్నారు. వాళ్లను స్వయంగా కొండకు తీసుకెళ్తానని మాటిచ్చేశారు.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం తీసి చూశాను. ఎర్రగానే ఉంది, మాడిన వాసన లేదు. గేర్‌బాక్స్ నిజంగా పోయుంటే ఆయిల్ ఇలా ఉండదు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో అగ్గిపెట్టెంత స్కానర్ గుచ్చి, దాన్ని నా ఫోన్‌లోని యాప్‌కు కలిపాను. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడెక్కిందో బండి నడుస్తుండగానే ఫోన్‌లో అంకె కనబడుతుంది.

"ఇది థర్మామీటరే కదప్పా!" అని సిస్టరమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి నోటుబుక్కు తీశారు. "నువ్వు నడుపు. చార్టు నేను రాస్తా."

బయలుదేరాం. కొండ కిందిదాకా ఎత్తుపల్లాల్లేని సదరం రోడ్డు, ఎనభై ఎనిమిది దాటలేదు. ఘాట్‌లో రెండో మలుపుకు నూట నాలుగు. ఇంకొంచెం పైకెళ్తే నూట పద్దెనిమిది. నూట ఇరవై అయిదుకు ఎర్రలైటు వెలిగింది. బండి నీడకు తీసి, ఇంజన్ ఆపకుండా నిలబెట్టాను. ఫ్యాను హోరున తిరుగుతోంది. పది నిమిషాలైనా రెండు డిగ్రీలే దిగింది.

నేను లోపల ఏ భాగం అరిగి ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. సిస్టరమ్మ చార్టు చూస్తున్నారు.

"సదరం రోడ్డులో స్పీడుగా పోతాంటే బాగుండాది. నిదానమైతే ఎక్కుతాండాది. ఫ్యాను తిరిగినా దిగల్యా. ఇది లోపలి రోగం కాదప్పా. గాలాడక వచ్చిన జ్వరం. ముందర ఏదన్నా అడ్డముందేమో సూడు."

ఇంజన్ ఆపి, దిగి, గ్రిల్ సందులోంచి టార్చి వేశాను. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న రేడియేటర్ ఉంటుంది, దాన్ని కూలర్ అంటాం. దాని ముందు సన్నకన్నుల జాలీ. దాని నిండా దుమ్ము, చచ్చిన పురుగులు, గడ్డిపోచలు కలిసి చాపలా అట్టకట్టి ఉన్నాయి.

అంతకు ముందటేడు ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని ఆమె బండి తెస్తే, ఆ జాలీ బిగించింది నేనే. పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. చెప్పకుండా పీకి పారేస్తే ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే.

"సిస్టరమ్మా, ఈ జాలీ వేసింది నేనే. తప్పు నాది" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "ముప్పై ఏండ్లు వార్డులో పనిచేసినా. ఈ మాట నోరు తెరిచి చెప్పిన డాక్టర్లు నాకు ఇద్దరే తెలుసు. నువ్వు మూడోవాడివి. పీకప్పా దాన్ని!"

కటింగ్ ప్లేయర్‌తో జాలీ ఊడదీశాను. వేడి తగ్గాక ఆమే స్టీరింగ్ పట్టుకున్నారు. గేరు లివర్ కింది గేర్లోకి దించి నడపమన్నాను. నేను అంకెలు చదువుతుంటే ఆమె వంతపాట పాడారు. తొంభై ఆరు. తొంభై తొమ్మిది. నూట ఒకటి. ఆపైన కదల్లేదు. కొండ మీద ఆమే టీ ఇప్పించారు.

షాపుకొచ్చాక కూలర్ కడిగి, ఆయిల్ మార్చి, ఎలుకల కోసం వైర్లకు మాత్రం గొట్టం తొడిగాను. శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెనక ఆడవాళ్ల కేరింతలు. "మునిరత్నం! నలుగురం పైనుండాము. మా కుప్పం మార్తా చార్టు రాసింది. తొంభై ఎనిమిది దాటల్యా! నీకు యాల ఫోన్ చేసినానంటే, వీళ్లు నన్ను నమ్మరు. నువ్వొకసారి చెప్పు, బండి నేనే నడుపుతానని."

చెప్పాను. అవతల చప్పట్లు.

అప్పటి నుంచి గేర్‌బాక్స్ విప్పే ముందు ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని నడిపి, అంకెలు వాళ్ల చేతనే రాయిస్తున్నాను. ఆ బండికి ఇంతకు ముందు నేనేం చేశానో కూడా ఆ కాగితం మీద రాసుకుంటాను. తప్పు నా పనిలోనే దొరికిన రోజులు ఆ తర్వాతా రెండు మూడు ఉన్నాయి. ప్రతిసారీ చెప్పాను. ఎవరూ సిస్టరమ్మలా నవ్వలేదు గానీ, ఒక్కరూ షాపు మార్చలేదు.