ఎవరి గ్లాసు వాళ్లదే

బీచి పక్క మైదానంలో ఏటా జరిగే సువార్త మహాసభల్లో మంచినీళ్ల పందిరి విమలమ్మది. పగలంతా ఆసుపత్రిలో ఆయాగా నడుం విరగ్గొట్టుకుని, సాయంత్రానికి కుండల దగ్గర నిలబడేది. ఆమె చెంబు పట్టుకుందంటే పాస్టరుగారైనా వరసలో రావలసిందే.

ఎనభై మూడులో కమిటీవాళ్లు షోకుగా ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించారు. సభలు ముగిసిన మర్నాడు, చేపలమ్మే సూర్యకాంతమ్మ విమలమ్మ గుమ్మంలో గంప బోర్లించింది. చేపలు కావు, గ్లాసులు.

"మీ సభలోళ్లు తాగి పారేసినారు. గాలికి సముద్రంలోకెల్లి మా వల్లో పడ్డాయి. ఏటి సేసుకోమంతావమ్మా, పులుసెట్టుకోమంతావా?"

విమలమ్మకు తల కొట్టేసినట్టయింది. మరుసటేడు కమిటీతో పోట్లాడి మరీ, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలని చాటించింది. జనం పేర్లు చెక్కించుకున్న స్టీలు గ్లాసులతో వచ్చారు. ఊరికే చెయ్యి చాపినవాళ్లను "గ్లాసేదీ?" అని గద్దించి ఇంటికి తరిమింది. మైదానంలో ప్లాస్టిక్ ముక్క మిగల్లేదు.

ఆఖరి సాయంత్రం, ఖాళీ గంపతో ఇంటికి పోతూ సూర్యకాంతమ్మ దాహమేసి ఆగింది.

"గ్లాసేదీ?" అలవాటుగా అనేసి విమలమ్మ నాలిక కరుచుకుంది.

సూర్యకాంతమ్మ నవ్వి, వంగి దోసిలి పట్టింది. "ఇదేనమ్మా నా గ్లాసు. ఎంత గాలేసినా సముద్రంలోకెల్లదు. పొయ్యి."

విమలమ్మ పొయ్యలేదు. తన గ్లాసు కడిగి, నిండా నీళ్లు నింపి ఆమె చేతికిచ్చింది. ఆమె తాగేదాకా ఆగి, చెంబు కూడా ఆమెకే అందించి, తాను వంగి దోసిలి పట్టింది.

"నాకూ దాహమేత్తంది. ఇప్పుడు నువ్వు పొయ్యి."